పరీక్ష కన్నా ముందే పెద్ద మందు

ఇమిపెనెమ్ అనే ఇంజెక్షన్ పేరు చాలామంది విని ఉండరు. మామూలు యాంటీబయాటిక్‌లు పనిచేయని రోగులకు ఐసీయూ వైద్యులు వాడే కార్బపెనెమ్ తరగతి మందుల్లో అదొకటి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నిఘా వ్యవస్థ 2017లో పరీక్షించిన ఈ-కొలై బ్యాక్టీరియాలో నూటికి 81 ఈ మందుకు లొంగాయి. 2023లో లొంగినవి నూటికి 63 మాత్రమే. క్లెబ్సియెల్లా అనే మరో బ్యాక్టీరియాలో ఇదే ఆరేళ్లలో 58.5 శాతం నుంచి 35.6 శాతానికి పడిపోయింది. ఎసినెటోబాక్టర్‌లోనైతే పదింటిలో దాదాపు తొమ్మిది కార్బపెనెమ్‌లను లెక్కచేయడం లేదు. ఆపత్కాలానికని దాచుకున్న మందే ఇంత వేగంగా చేతిలోంచి జారిపోతుంటే, దానికన్నా ముందు వాడే మందుల గతి వేరే చెప్పనక్కర్లేదు.

ఈ లెక్కలో చీము, కళ్లె, రక్తం అన్నీ కలిసే ఉంటాయి. వాటిలో రక్తం సంగతి వేరు. కళ్లెలో బ్యాక్టీరియా కనిపించినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. గొంతులో ఏ హానీ చేయకుండా ఉండే క్రిములు ఎన్నో. మూత్రంలోనూ కొంతవరకు అంతే. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంలో మాత్రం బ్యాక్టీరియా పెరగకూడదు. సూది గుచ్చేటప్పుడు చర్మం మీది క్రిమి కలిసిపోయిన సందర్భాలను పక్కన పెడితే, రక్తంలో ఈ-కొలైయో క్లెబ్సియెల్లాయో పెరిగిందంటే ఆ రోగి ప్రాణం ప్రమాదంలో ఉన్నట్టే. అందుకే ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో ఔషధ నిరోధకతను కొలిచే సూచికకు రక్తాన్నే ఎంచుకున్నారు. రక్తంలో దొరికిన స్టాఫిలోకాకస్ ఆరియస్‌లో ఎన్ని మెథిసిలిన్ వర్గం మందులకు లొంగడం లేదు, ఈ-కొలైలో ఎన్ని మూడో తరం సెఫలోస్పోరిన్‌లకు లొంగడం లేదు అన్న రెండు సంఖ్యల మీద దేశాలను పోల్చి చూస్తున్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 అక్టోబరులో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2023లో ప్రయోగశాలలో నిర్ధారణ అయిన ప్రతి ఆరు బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లలో ఒకటి మందులకు లొంగలేదు. భారత్ ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతంలో మూడింటిలో ఒకటి. 2019లో భారత్‌లో సుమారు 3 లక్షల మరణాలకు ఔషధ నిరోధకతే నేరుగా కారణమని, మరో కోణంలో చూస్తే 10 లక్షలకు పైగా మరణాల్లో దాని పాత్ర ఉందని అంతర్జాతీయ పరిశోధక బృందం అంచనా వేసింది. క్యాన్సర్ కీమోథెరపీ, అవయవ మార్పిడి, సిజేరియన్, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల సంరక్షణ వంటివన్నీ యాంటీబయాటిక్ పనిచేస్తుందన్న భరోసా మీద నడిచే వైద్యాలు. ఆ భరోసా సడలితే అవన్నీ ప్రమాదకరమైన పనులుగా మారిపోతాయి.

అయితే పైన చెప్పిన జాతీయ శాతాలను చదవడంలో జాగ్రత్త అవసరం. ఐసీఎంఆర్ నిఘాలో ఉన్నవి ఎక్కువగా పెద్దాసుపత్రులు. ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ, వెల్లూరు సీఎంసీ వంటివి. జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం నడిపే రెండో వ్యవస్థలో ప్రధానంగా ప్రభుత్వ వైద్య కళాశాలల ప్రయోగశాలలు ఉన్నాయి. ఇంతదాకా వచ్చే రోగి ఎలాంటివాడు? తెలుగు పల్లెల్లో జ్వరం వస్తే మొదట ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్తారు. ఒక సెలైన్, దాంతోపాటు ఒక యాంటీబయాటిక్ సూది. రెండు రోజుల్లో తగ్గకపోతే మండల కేంద్రంలోని నర్సింగ్‌హోమ్. అక్కడ ఇంకో మందు. ఒళ్లు చల్లబడి, మాట తడబడి, మూత్రం తగ్గిపోయాక అంబులెన్సులో గుంటూరుకో వరంగల్‌కో హైదరాబాద్‌కో తీసుకెళ్తారు. రక్తాన్ని సీసాలో ఉంచి క్రిమిని పెంచి గుర్తించే కల్చర్ పరీక్షకు పంపేది అప్పుడు. అప్పటికే మూడు రకాల మందులను తట్టుకుని మిగిలిన బ్యాక్టీరియాయే ఆ సీసాలో పెరుగుతుంది.

కాబట్టి పెద్దాసుపత్రి శాతాలు దేశమంతటి పరిస్థితిని కొంత ఎక్కువ చేసి చూపిస్తాయి. ఊళ్లో మొదటి రోజు జ్వరంతో ఉన్న మనిషి రక్తం పరీక్షిస్తే లొంగే క్రిమి దొరికే అవకాశం ఎక్కువ. అదే సమయంలో ఆ లెక్కలు అసలు నష్టాన్ని బాగా తక్కువ చేసి చూపిస్తాయి. జిల్లా ఆసుపత్రిలోనో చిన్న నర్సింగ్‌హోమ్‌లోనో సెప్సిస్‌తో, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి ఒళ్లంతా దెబ్బతిని, చనిపోయినవారి రక్తం ఎవరూ కల్చర్‌కు పంపలేదు. వారు ఏ శాతంలోనూ లేరు. మరణ పత్రంలో గుండె ఆగిపోయిందనో కిడ్నీలు దెబ్బతిన్నాయనో రాసి ఉంటుంది. శాతం ఎక్కువ, సంఖ్య తక్కువ అనే ఈ రెండు పొరపాట్లూ ఒకే చోట పుడుతున్నాయి: మనం రక్తాన్ని ఆలస్యంగా, అతి కొద్ది చోట్ల మాత్రమే పరీక్షిస్తున్నాం. భారత్‌లో యాంటీబయాటిక్ నిరోధకత గురించి జరిగే చర్చ మెడికల్ షాపుల చుట్టూ, రోగి అజ్ఞానం చుట్టూ తిరుగుతుంది గానీ ఈ లోటు దగ్గర ఆగదు. ఆగాల్సింది ఇక్కడే.

జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం 2021-22లో 20 పెద్దాసుపత్రుల్లో 9,652 మంది రోగుల మందు చీటీలు పరిశీలించింది. వారిలో 71.9 శాతం మందికి యాంటీబయాటిక్ ఇస్తున్నారు. అందులో సగానికి పైగా ఇన్ఫెక్షన్ ఉన్నందుకు కాదు, రాకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చినవి. ఇన్ఫెక్షన్‌కు చికిత్సగా మందు తీసుకున్నవారిలో, ఫలానా బ్యాక్టీరియా అని తేలిన తర్వాత దానికి సరిపడే మందు అందుకున్నవారు ఆరు శాతం మాత్రమే. దేశంలోకెల్లా మెరుగైన ప్రయోగశాలలున్న ఆసుపత్రుల పరిస్థితి ఇది. మిగతా 94 శాతం మందికి వైద్యం అనుభవం మీదో అలవాటు మీదో భయం మీదో నడిచిందన్నమాట.

ఆ భయం ఉత్తదని అనడానికి లేదు. సెప్టిక్ షాక్‌లోకి జారిన రోగికి సరైన మందు ఆలస్యమైన ప్రతి గంటకూ బతికే అవకాశం సగటున 7.6 శాతం చొప్పున తగ్గిందని 2006లో వచ్చిన ప్రసిద్ధ అధ్యయనం తేల్చింది. కల్చర్ సీసాలో బ్యాక్టీరియా పెరిగి, దానికి ఏ మందు పనిచేస్తుందో తేలడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అంతవరకు ఆగమని ఏ వైద్యుణ్నీ అడగలేం. మరి ఏ మందుతో మొదలుపెట్టాలి? 2018లో వెలువడిన ఒక అంతర్జాతీయ ప్రయోగం ఈ ప్రశ్నను ఇంకా పదునెక్కించింది. మూడో తరం సెఫలోస్పోరిన్‌కు లొంగని ఈ-కొలై, క్లెబ్సియెల్లా రక్తంలో చేరిన రోగులకు కొందరికి కార్బపెనెమ్ తరగతికే చెందిన మెరోపెనెమ్, కొందరికి పిపెరాసిలిన్-టాజోబాక్టమ్ ఇచ్చారు. 30 రోజుల్లో మొదటి వర్గంలో 3.7 శాతం, రెండో వర్గంలో 12.3 శాతం మంది చనిపోయారు. కార్బపెనెమ్‌ను పొదుపుగా వాడాలని కోరుకునే వైద్యులకు అది పెద్ద దెబ్బ. సెఫలోస్పోరిన్ నిరోధకత ఇంతగా వ్యాపించిన దేశంలో, రక్తంలో ఏముందో తెలియని పరిస్థితిలో, మెరోపెనెమ్‌తో మొదలుపెట్టే వైద్యుణ్ని తప్పుపట్టడం తేలిక. ఆ మంచం పక్కన నిలబడితే తెలుస్తుంది కష్టం.

తప్పుపట్టాల్సింది మొదలుపెట్టడాన్ని కాదు, ఆపకపోవడాన్ని. మొదటి డోసుకు ముందే రెండు సీసాల్లో రక్తం తీసి పంపిస్తే, మూడో రోజుకు ఫలితం చూసి పెద్ద మందు తీసేసి చిన్న మందుకు దిగొచ్చు. మందు పడ్డాక తీస్తే ఆ వీలు చాలా పోతుంది. 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఒకే రోగుల రక్తాన్ని యాంటీబయాటిక్‌కు ముందు ఒకసారి, ఇచ్చిన రెండు గంటల్లోపు మరోసారి తీసి చూశారు. ముందు తీసిన వాటిలో 31.4 శాతం మందిలో బ్యాక్టీరియా దొరికితే, తర్వాత తీసిన వాటిలో 19.4 శాతం మందిలోనే దొరికింది. క్రిమి దొరక్కపోతే వైద్యుడికి మందు తగ్గించే ధైర్యం రాదు. మెరోపెనెమ్ పది రోజులు, పద్నాలుగు రోజులు నడుస్తుంది. వార్డులో మిగిలిన బ్యాక్టీరియా మెరోపెనెమ్‌తో కాపురం చేయడం నేర్చుకుంటుంది. పత్తి చేలో ఒకే మందు ఏళ్ల తరబడి కొట్టి పురుగును మొండిదాన్ని చేసుకున్న రైతుకు ఈ తర్కం ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

బ్యాక్టీరియా ఈ విద్యను ఎలా నేర్చింది? దీనికి మన రాజధాని పేరుతో ముడిపడిన చరిత్ర ఒకటుంది. 2008లో స్వీడన్‌లో భారత సంతతికి చెందిన ఒక రోగి మూత్రంలో క్లెబ్సియెల్లా దొరికింది. ఆయన అంతకుముందు న్యూఢిల్లీలో చికిత్స పొందారు. ఆ బ్యాక్టీరియా తయారుచేస్తున్న ఎంజైమ్ కార్బపెనెమ్‌ను ముక్కలు చేస్తోంది. శాస్త్రవేత్తలు దానికి న్యూఢిల్లీ పేరు పెట్టి ఎన్‌డీఎం-1 అన్నారు. 2010లో లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ పత్రికలో మద్రాసు విశ్వవిద్యాలయ పరిశోధకుడు మొదటి రచయితగా వచ్చిన వ్యాసం, అది భారత్, పాకిస్తాన్, బ్రిటన్‌లలో వ్యాపించి ఉందని చూపింది. మరుసటి ఏడాది ఢిల్లీలో రోడ్డు పక్క నిలిచిన 171 మురుగునీటి నమూనాల్లో 51లో, 50 కుళాయి నీటి నమూనాల్లో రెండింటిలో ఆ జన్యువు దొరికింది. దేశంలో అప్పుడు జరిగిన వాదమంతా పేరు గురించే. వైద్య పర్యాటకాన్ని దెబ్బతీసే కుట్ర అన్నవారూ ఉన్నారు. ఈ జన్యువు ఒక బ్యాక్టీరియా నుంచి మరో జాతి బ్యాక్టీరియాకు సులువుగా చేతులు మారుతుందన్న అసలు సంగతి ఆ గొడవలో మరుగున పడింది. ఇవాళ భారత్‌లో కార్బపెనెమ్‌కు లొంగని క్లెబ్సియెల్లాను పరిశీలిస్తే ఎన్‌డీఎం, దాంతోపాటు ఓఎక్స్‌ఏ-48 వర్గం జన్యువులే ఎక్కువగా కనిపిస్తున్నాయి. పాశ్చాత్య దేశాల్లో వేరే ఎంజైమ్‌లను దృష్టిలో పెట్టుకుని తయారైన కొత్త మందులు కొన్ని ఎన్‌డీఎం ముందు నిలవలేవు. అంటే మన సమస్యకు మన దేశపు సమాచారంతోనే మందు వెతుక్కోవాలి.

ఇక మిగిలేవి కొలిస్టిన్ వంటివి. కిడ్నీలను దెబ్బతీస్తుందని దశాబ్దాల కింద పక్కన పెట్టిన మందు అది. గతిలేక మళ్లీ తీశారు. దాన్ని కోళ్లు పెరగడానికి దాణాలో కలిపే అలవాటును కేంద్రం 2019లో నిషేధించింది, మంచి పని. కానీ ఇలాంటి చివరి మందుల విషయంలో భారత్‌లో సమస్య అతివాడకం ఒక్కటే కాదు, అందకపోవడం కూడా. 2019లో ఎనిమిది అల్ప, మధ్యాదాయ దేశాల్లో కార్బపెనెమ్‌కు లొంగని ఇన్ఫెక్షన్లు సుమారు 15 లక్షలు వస్తే, సరైన మందు అందింది 6.9 శాతానికేనని 2025లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. వాటిలో దాదాపు 10 లక్షలు భారత్‌వి; సరైన చికిత్స అందింది 7.8 శాతానికి. జలుబుకు అజిత్రోమైసిన్ మింగేవారు, చివరి మందు అందక చనిపోయేవారు ఒకే దేశంలో, చాలాసార్లు ఒకే వీధిలో ఉన్నారు.

అందరికన్నా ఎక్కువ మూల్యం చెల్లిస్తున్నది మాట రాని పసిపిల్లలు. ఢిల్లీలోని మూడు పెద్దాసుపత్రుల్లో 2011 నుంచి 2014 వరకు నవజాత శిశువుల సెప్సిస్‌పై ఒక పెద్ద అధ్యయనం జరిగింది. ఆ ఆసుపత్రుల్లోనే పుట్టి, నవజాత శిశు విభాగంలో చేరిన 13,530 మంది పిల్లలను అనుసరించారు. వారిలో 14.3 శాతం మందికి సెప్సిస్ వచ్చింది. రక్తంలో ఎక్కువగా దొరికినవి ఎసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా, ఈ-కొలై. ఎసినెటోబాక్టర్‌లో 82 శాతం పలు రకాల మందులకు లొంగనివి. కల్చర్‌లో క్రిమి తేలిన పిల్లల్లో దాదాపు సగం మంది బతకలేదు. ఈ మొత్తంలో ఒక వివరం దగ్గర ఆగి ఆలోచించాలి. సెప్సిస్‌లలో దాదాపు మూడింట రెండొంతులు పుట్టిన 72 గంటల్లోపే వచ్చాయి. మూడు రోజుల బిడ్డ ఏ మెడికల్ షాపుకూ వెళ్లలేదు, ఏ కోర్సూ మధ్యలో ఆపలేదు. ఈ బిడ్డలు బయటి నుంచి వచ్చినవారు కూడా కాదు. అంత త్వరగా మొండి క్రిమి రక్తంలోకి చేరిందంటే, ప్రసవాల గది, అక్కడి చేతులు, గొట్టాలు, నీళ్లు అన్నింటి మీదా అనుమానం పడుతుంది.

పెద్దల ఐసీయూల లెక్క కూడా ఇటువైపే చూపుతోంది. ఎయిమ్స్ ట్రామా కేంద్రం సమన్వయంలో నడిచే జాతీయ వ్యవస్థ 2017 నుంచి 2024 వరకు 54 ఆసుపత్రుల్లోని 200 ఐసీయూలను గమనించింది. మెడలోనో తొడలోనో పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టాన్ని సెంట్రల్ లైన్ అంటారు. ఆ గొట్టం ద్వారా వచ్చే రక్త ఇన్ఫెక్షన్లు ప్రతి వెయ్యి లైన్ రోజులకు (ఒక రోగికి ఒక రోజు గొట్టం ఉంటే ఒక లైన్ రోజు) 8.83 చొప్పున నమోదయ్యాయి. అమెరికా ఆసుపత్రుల్లో ఈ సంఖ్య ఒకటి దరిదాపుల్లో ఉంటుంది. మందు చీటీ ఎంత నిక్కచ్చిగా రాసినా ఈ తేడా పోదు. నర్సు చేతులు కడుక్కునే వీలు, ఒక్కో నర్సుకు ఎందరు రోగులు, గొట్టం అవసరం తీరిన రోజే తీసేయడం, వేసేటప్పుడు పాటించే శుభ్రత వంటివే దీన్ని మారుస్తాయి. ఇన్ఫెక్షనే రాకపోతే నిరోధకత గురించి బెంగపడే పనే లేదు.

ఇలాంటి పరిస్థితి నుంచి బయటపడిన దేశాలున్నాయి. ఇంగ్లండ్‌లో 2003-04లో మెథిసిలిన్‌కు లొంగని స్టాఫిలోకాకస్ వల్ల వచ్చిన రక్త ఇన్ఫెక్షన్లు 7,700. అక్కడి ప్రభుత్వం అంతకుముందే 2001 నుంచి ప్రతి ఆసుపత్రీ ఈ సంఖ్యను చెప్పి తీరాలని నియమం పెట్టింది. ఏ ఆసుపత్రిలో ఎన్ని వచ్చాయో పత్రికల్లో అచ్చయ్యేది. 2004లో సగానికి తగ్గించాలన్న లక్ష్యం పెట్టారు. దశాబ్దం తిరిగేసరికి ఏటా వెయ్యి లోపుకు దిగింది. కొత్త యాంటీబయాటిక్ ఏదీ ఆ పని చేయలేదు. లెక్క పెట్టడం, బయటపెట్టడం, జవాబు చెప్పించడం చేశాయి. ఇజ్రాయెల్ అనుభవం మనకు ఇంకా దగ్గర. అక్కడ 2006లో కార్బపెనెమ్‌కు లొంగని క్లెబ్సియెల్లా దేశమంతా పాకింది. 2007లో ఆరోగ్య శాఖ రంగంలోకి దిగి, అలాంటి రోగులను వేరుగా ఉంచాలని, వారికి వేరే నర్సులను కేటాయించాలని, ప్రతి కేసూ కేంద్ర బృందానికి తెలపాలని ఆదేశించింది. లక్ష రోగి-రోజులకు 55.5గా ఉన్న కొత్త కేసులు ఏడాది కాస్త దాటేసరికి 11.7కు తగ్గాయి. ఇజ్రాయెల్ చిన్న దేశం, మనది పెద్దది అన్న జవాబు సరిపోదు. మన రాష్ట్రాల్లో చాలావరకు ఆ దేశం కన్నా పెద్దవే. వైద్యం రాష్ట్రాల చేతిలోనే ఉంది.

నిరోధకత ఒకసారి వస్తే పోదన్న నిరాశ కూడా నిజం కాదు. టైఫాయిడ్ దీనికి ఉదాహరణ. అది కూడా రక్తంలోని ఇన్ఫెక్షనే. 1972లో కోజికోడ్‌లో క్లోరాంఫెనికాల్‌కు లొంగని టైఫాయిడ్ ప్రబలింది. తర్వాత రెండు దశాబ్దాల్లో క్లోరాంఫెనికాల్‌తో సహా పాత మందులు మూడూ పనికిరాకుండా పోయి, వైద్యులు సిప్రోఫ్లాక్సాసిన్‌కు మారారు. ఇప్పుడు టైఫాయిడ్ క్రిమిలో నూటికి 95కు పైగా ఆ తరగతికి లొంగడం లేదు. కానీ వాడకం తగ్గిపోయిన పాత మందులకు మాత్రం మళ్లీ నూటికి తొంభైకి పైగా లొంగుతున్నాయి. ఒత్తిడి తీసేస్తే బ్యాక్టీరియా వెనక్కి తగ్గిన సందర్భమిది. అన్ని క్రిములూ ఇలా తగ్గుతాయని చెప్పలేకపోయినా, దారి మూసుకుపోలేదని ఇది చూపుతోంది.

టైఫాయిడ్ కథలో తెలుగువారికి మరో ముడి ఉంది. 2016 చివర్లో పాకిస్తాన్ సింధ్ రాష్ట్రంలోని హైదరాబాద్ నగరంలో సెఫ్ట్రియాక్సోన్‌కు కూడా లొంగని టైఫాయిడ్ బయటపడింది. దాన్ని అడ్డుకోవడానికి వాడిన టీకా మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసినది. 2017 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం పొందిన ఆ టీకా, మొండి టైఫాయిడ్‌ను 97 శాతం మేర నివారించిందని అక్కడి పిల్లలపై జరిగిన అధ్యయనం చెప్పింది. 2019లో పాకిస్తాన్ దాన్ని సాధారణ టీకాల జాబితాలో చేర్చింది. హైదరాబాద్‌కే చెందిన బయోలాజికల్-ఇ టీకాకు కూడా 2020లో ఆ ఆమోదం దక్కింది. భారత్‌లో టీకాలపై జాతీయ సాంకేతిక సలహా బృందం 2022లోనే సిఫార్సు చేసినా, 2025 నాటికి కూడా మన సార్వత్రిక టీకా కార్యక్రమంలో దానికి చోటు దొరకలేదు. జ్వరమొచ్చిన ప్రతి పిల్లాడికీ టైఫాయిడ్ అనుమానంతో యాంటీబయాటిక్ పోసే దేశంలో, ఆ అనుమానాన్నే తగ్గించగల టీకాను ఇంత ఆలస్యం చేయడానికి సమర్థన ఏదీ కనిపించదు.

హైదరాబాద్ పరిసరాలకు ఇంకో బాధ్యత కూడా ఉంది. గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు పారిశ్రామిక వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థాలు చేరే ఆ కేంద్రం నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది చాలా ఎక్కువ. వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు విధిస్తూ కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నిబంధనల్లో ఆ పరిమితులు లేవు. దీన్ని సరిదిద్దాల్సిన పని ఇంకా మిగిలే ఉంది.

ఇక మందుల అమ్మకాల నియంత్రణ సంగతి. 46 మందులతో షెడ్యూల్ హెచ్1 జాబితా 2014 మార్చి నుంచి అమల్లో ఉంది. చీటీ లేకుండా అమ్మకూడదు, కొన్నవారి వివరాలు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. ఆ రిజిస్టరు ఎన్ని షాపుల్లో తెరుస్తున్నారో తెలుగు రాష్ట్రాల్లో ఎవరైనా తమ వీధి చివరి షాపులో చూసుకోవచ్చు. 2019 నాటి ప్రైవేటు అమ్మకాల మీద వచ్చిన అధ్యయనంలో అన్నింటికన్నా ఎక్కువ అమ్ముడైంది అజిత్రోమైసిన్ 500 మిల్లీగ్రాముల మాత్ర. మొత్తంలో సగానికి పైగా ప్రపంచ ఆరోగ్య సంస్థ జాగ్రత్తగా వాడమన్న వర్గానివే. కేరళ మాత్రం 2018లోనే రాష్ట్రాల్లో మొదటగా సొంత కార్యాచరణ ప్రణాళిక తెచ్చుకుని, 2024లో ఆపరేషన్ అమృత్ పేరుతో మెడికల్ షాపుల మీద ఆకస్మిక తనిఖీలు మొదలుపెట్టింది. యాంటీబయాటిక్‌ల వాడకం 20 నుంచి 30 శాతం తగ్గిందని ఆ రాష్ట్ర ప్రభుత్వం చెబుతోంది. అంతకన్నా విలువైన పని ఇంకొకటి చేసింది: ఏ బ్యాక్టీరియాకు ఏ మందు ఎంత శాతం పనిచేస్తోందో రాష్ట్రం మొత్తానికి పట్టిక వేసి బయటపెడుతోంది. పాలక్కాడ్‌లోని వైద్యుడు ఢిల్లీ సగటు చూసి భయపడనక్కర్లేదు. తన చుట్టుపక్కల లెక్క చూసి మందు ఎంచుకోవచ్చు.

పెద్దగా ఖర్చు లేని సంస్కరణలు కూడా ఉన్నాయి. 2024 నవంబరులో వెలువడిన ఒక ప్రయోగం ఏడు దేశాల్లోని 74 ఆసుపత్రుల్లో 3,608 మంది రక్త ఇన్ఫెక్షన్ రోగుల మీద జరిగింది. సగం మందికి 7 రోజులు, సగం మందికి 14 రోజులు యాంటీబయాటిక్ ఇచ్చారు. 90 రోజుల్లో మరణాలు వరుసగా 14.5 శాతం, 16.1 శాతం. స్టాఫిలోకాకస్ ఆరియస్ వంటి కొన్నింటిని, రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్నవారిని మినహాయిస్తే, చాలామందికి వారం చాలు. ఈ ఒక్క ఫలితాన్ని ఆసుపత్రులు అమలు చేసినా అలాంటి రోగులకు వాడే మందు చాలా మిగులుతుంది, రోగి జేబూ మిగులుతుంది.

మొదటి జాతీయ కార్యాచరణ ప్రణాళిక 2017 నుంచి 2021 వరకు నడిచింది. ఉద్దేశాలు మంచివే, రాష్ట్రాలకు డబ్బు, మనుషులు, గడువులు లేక చాలావరకు కాగితం మీదే ఉండిపోయింది. 2025 నుంచి 2029 వరకు వర్తించే రెండో ప్రణాళికను కేంద్రం 2025 నవంబరులో విడుదల చేసింది. దాన్ని అంచనా వేయడానికి ఒక కొలత పెట్టుకుంటే చాలు: జిల్లా స్థాయిలో ప్రతి వెయ్యి రోగి-రోజులకు ఎన్ని రక్త కల్చర్లు జరిగాయి, వాటిలో ఎన్ని మొదటి యాంటీబయాటిక్ డోసుకు ముందు తీసినవి. నిరోధకత శాతం పక్కన ఈ రెండు సంఖ్యలు లేకపోతే ఆ శాతం పెరిగిందో తగ్గిందో చెప్పినా అర్థం ఉండదు.

తెలుగు రాష్ట్రాలకు ఇందులో కలిసొచ్చే అంశం ఒకటుంది. తెలంగాణలో 2022 నుంచి వరుసగా కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరిచి దాదాపు ప్రతి జిల్లాకూ ఒకటి చేర్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో అయిదు కొత్తవి మొదలయ్యాయి. వీటిలో చాలావాటికి నిన్నటి జిల్లా ఆసుపత్రే బోధనాసుపత్రి. ప్రతి కళాశాలలోనూ మైక్రోబయాలజీ విభాగం ఉండి తీరాలి, అది నిబంధన. కాబట్టి సెప్సిస్ రోగి మొదట చేరే చోటే ప్రయోగశాల గది, అధ్యాపకులు కాగితం మీదైనా ఉన్నారు. ఆ విభాగం విద్యార్థుల పాఠాలకే పరిమితం కాకుండా రాత్రి పదింటికి వార్డు నుంచి వచ్చిన సీసాను కూడా తీసుకోవాలి. కల్చర్ సీసాలు మందుల గిడ్డంగి జాబితాలో చేరాలి. అయిపోయాయన్న మాట వినపడకూడదు. క్రిమి పెరిగినట్టు యంత్రం చూపిన గంటలోనే వార్డు వైద్యుడికి ఫోన్ వెళ్లాలి. ఆరోగ్యశ్రీ తరహా పథకాలు సెప్సిస్ ప్యాకేజీకి డబ్బు చెల్లించే ముందు యాంటీబయాటిక్‌కు ముందు తీసిన కల్చర్ నివేదిక అడగొచ్చు. ప్రైవేటు ఆసుపత్రులను ఈ దారిలోకి తేవడానికి తనిఖీల కన్నా ఇది బలంగా పనిచేస్తుంది. ఏడాది తిరిగేసరికి ఆదిలాబాద్‌కు, శ్రీకాకుళానికి వాటి సొంత పట్టికలు తయారవుతాయి. నవజాత శిశు విభాగాల్లో వచ్చిన రక్త ఇన్ఫెక్షన్ల సంఖ్యను ఆసుపత్రుల వారీగా, పేరుతో సహా, మూడు నెలలకోసారి రెండు రాష్ట్రాలూ ప్రకటించడం మొదలుపెట్టాలి.